తీగ చక్రాలకు వెండి రంగు

పోయిన మంగళవారం పొద్దున్నే మేస్త్రీ భార్య ఫోన్ చేసింది. “సార్, మా ఆయన పోయినాడు” అని పెట్టేసింది. ఇరవై రోజులుగా ఆయన కర్నూలు ఆసుపత్రిలో ఉన్నాడు. కార్లకు రంగులు వేసి బతికిన మనిషి. ఆ రంగుల ఘాటే ఊపిరితిత్తులను తినేసింది.

మా నాన్న నడిపిన పాత కారొకటి షెడ్డులో పడి ఉండేది. రిటైరయ్యాక బాగుచేయిద్దామనుకున్నాను. దాని చక్రాలకు సైకిల్ చక్రాల్లాగా ఇనుప పుల్లలుంటాయి. అవి తళతళలాడాలని నా ఆశ. మేస్త్రీ తొందరపడే మనిషి కాడు. ఒకే చక్రంలో ఒక పుల్లకు మెరిసే వెండి రంగు, ఇంకోదానికి మెరుపు తగ్గిన వెండి రంగు, మరోదానికి మీగడ రంగు వేసి, వారం రోజులు రోడ్డు పక్కన ఎండలో ఉంచాడు. రోజూ సాయంత్రం బొటనవేలితో దుమ్ము తుడిచి చూసేవాడు.

“డబ్బాలో అన్ని రంగులూ బాగుంటాయి సార్. మన దుమ్ములో ఏది నిలుస్తాదో చూడాల.”

చివరికి మెరుపు తగ్గిన వెండి రంగే, అదీ పలచగా, అన్నాడు. చిన్న స్పానర్‌తో పుల్లలను తట్టి వినిపించాడు. ఒకటి ఖంగుమంది. పక్కది సరిగా పలకలేదు. “ఇది మొద్దుగా మోగతాండాది. వదులైంది. మందంగా పూస్తే వదులూ తెలీదు, చీలికా కనపడదు.” ఏ వస్తువునైనా చూసేముందు వినాలని అరవై దాటాక నాకు నేర్పినవాడాయన.

నేర్చుకున్నానా అంటే, లేదు. ఆయనకు చెప్పకుండా చక్రాలు వేరే ఊరికి పంపి, పొడి రంగు చల్లి వేడిలో కాల్చే మందపాటి పూత వేయించాను. అద్దాల్లా వచ్చాయి. తెచ్చి చూపిస్తే తిట్టలేదు. వరసగా తట్టి విన్నాడు.

“మాట పడిపోయింది సార్ వీటికి.”

రెండో నెలలోనే ఆలూరు దారిలో పుల్లలు తెగి ఒక చక్రం వంగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సిగ్గుపడుతూ మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాను. డాక్టరు ఈ పని మానమన్నాడని అప్పుడే ఆయన భార్య చెప్పింది.

“మానుకోని యాడ కూసునేది?” అన్నాడు మేస్త్రీ.

“వద్దులే మేస్త్రీ” అన్నాను. ఒక్కసారే అన్నాను.

కాల్చిన పూత ఊడాలంటే ఘాటైన మందు పూసి గీకాలి. మూతికి గుడ్డ కట్టుకుని, దగ్గుతూ, ఒక్కో పుల్లా గీకి బ్రష్‌తో రంగు వేశాడు. రెండు చక్రాలు పూర్తయ్యాయి. మూడోదాని దగ్గర పడిపోయాడు. అది పాత జబ్బేననీ, నా వల్ల వచ్చింది కాదనీ వాళ్ళ కూతురు అంది. ఆ మంచి మాటతో నా మనసేమీ తేలికపడలేదు.

ఫోన్ విని నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి స్నానం చేయించి అరుగు మీద పడుకోబెట్టారు. ఆయన భార్య పక్కన కూర్చుని, కిరసనాయిల్‌లో తడిపిన గుడ్డతో ఒక్కో వేలూ పట్టుకుని గోళ్ళు తుడుస్తోంది.

“చాల్లేమ్మా, పోదు అది” అంది కూతురు.

గోళ్ళ మొదళ్ళలో వెండి రంగు అట్లాగే ఉంది. ఆమె తుడుస్తూనే ఉంది.