ఎస్తేరమ్మ కట్టించిన మత్తడి

నిన్న పొద్దున న్యాల్‌కల్ వైపు నుంచి ఫోన్ వచ్చింది. ఎస్తేరమ్మ కూతురు మేరీ.

"అమ్మ పోయింది సార్" అన్నది.

"ఏ అమ్మ?" అని అడిగాను. ఎంత తెలివితక్కువ ప్రశ్నో చూడండి.

పోయిన వారమే ఎస్తేరమ్మ ఫోన్‌లో తిట్టింది నన్ను. నా మోకాళ్ళ ఆపరేషన్ వాయిదా వేస్తున్నానని.

నా ఫ్రెండ్స్ లిస్ట్‌లో చాలామందికి ఆమె ఎవరో తెలియదు. నాకు చుట్టం కాదు. మొదట్లో స్నేహితురాలు కూడా కాదు. ఆమె ఎదురు తిరిగింది నా మీదే.

డెబ్బైల్లో పెద్ద కరువు. నేను వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని, జహీరాబాద్‌లో ఫస్ట్ పోస్టింగ్. కరువు పని కింద రోడ్డుకు కంకర కొట్టించడం నా డ్యూటీ.

ఒకరోజు సైకిల్ మీద వెళ్ళేసరికి ఆడవాళ్ళంతా సుత్తెలు కింద పెట్టి కూర్చున్నారు. ముందు ఎస్తేరమ్మ. అప్పటికి ముప్పై ఏళ్ళుంటాయేమో. పుట్టిల్లు బీదర్ వైపు. కోపమొస్తే మాట కన్నడలోకి వెళ్ళిపోయేది. ఆ రోజు మాత్రం చాలా నెమ్మదిగా, తెలుగులోనే అడిగింది.

"ఈ కంకర తోని మల్లొచ్చే కరువుకు ఏం జేసుకుంటం సారూ? మా ఒర్రెకు కట్ట ఎయ్యున్రి. గదే కూలి, గవే చేతులు."

ఆర్డర్ రోడ్డుకే ఉందన్నాను.

ఆమె లేచి, నన్ను ఒర్రె వెంబడి నడిపించింది. వాన పడితేనే పారే చిన్న వాగు అది. నీళ్ళు ఎక్కడ ఆగుతాయో, ఏ బావులు ఊరతాయో చూపించింది. ఒక తుమ్మచెట్టు కొమ్మల్లో, నా తలకన్నా ఎత్తున, ఎండిన చెత్త చిక్కుకుని ఉంది. ఒక ఏడు వరదకు నీళ్ళు అక్కడిదాకా వచ్చాయట.

చదువు లేదు. మ్యాప్ లేదు. ఊరికి రాబోయే ప్రమాదం మొత్తం ఆమె తలలో ఉంది.

నేను రిపోర్ట్ రాశాను. మా ఓవర్సీర్ నన్ను తిట్టాడు. ఆ ఆడవాళ్ళు మూడు రోజులు పని ముట్టలేదు. కరువులో మూడు రోజులు కూలి వదులుకోవడం అంటే ఏంటో ఆలోచించండి. పిల్లలకు అంబలి కూడా పలచనైపోయింది. ఒక్కరు లేవలేదు.

నాలుగో రోజు పెద్ద ఆఫీసర్ జీపులో వచ్చి, చూసి, కట్టకు ఒప్పుకున్నాడు.

గెలిచారు అనుకున్నాను. ఆమె అనుకోలేదు.

కట్ట సగం లేచాక నా దగ్గరికి వచ్చి, మత్తడి ఎక్కడ అని అడిగింది. మత్తడి అంటే కుంట నిండితే ఎక్కువ నీళ్ళు పొర్లిపోయే రాతి గోడ. అది ఎస్టిమేట్‌లో లేదు. చుక్క నీళ్ళు లేనప్పుడు మత్తడి ఎందుకమ్మా అని నవ్వాను.

"నీళ్లు రానప్పుడు రావు. వచ్చిననాడు ఒక్కసారే వస్తయ్. అవిటికి తొవ్వ ఇయ్యకుంటె కట్ట తెగి మా ఇండ్ల మీద పడ్తది" అన్నది.

అనుమతి లేకుండా కట్టొద్దని గట్టిగా చెప్పాను. మర్నాటి నుంచి రోజు పని అయిపోయాక ఆ ఆడవాళ్ళే రాళ్ళు మోసి మత్తడి మొదలుపెట్టారు. ఆపడానికి వెళ్ళాను. ఎస్తేరమ్మ ఒక బండకు అటు పక్క నిలబడి, "పట్టు సారూ" అన్నది.

పట్టాను. నాకు మెమో వచ్చింది. నా సర్వీస్‌లో నేను గర్వపడే కాగితం అదొక్కటే.

తర్వాత నాకు ట్రాన్స్‌ఫర్. ఎనభైల్లో మళ్ళీ జహీరాబాద్ వచ్చాను. ఒక వానాకాలం రెండు రోజులు ఆగకుండా కొట్టింది. కట్టలు తెగాయని వార్తలు. బస్సు సగం దారిలోనే ఆగిపోయింది. మిగతాది బురదలో నడిచాను. ఏం చూడాల్సి వస్తుందో అనుకుంటూ.

కట్ట నిలబడి ఉంది. మత్తడి మీదుగా నీళ్ళు రొద చేస్తూ ఒర్రెలోకి పోతున్నాయి. కింద ఇళ్ళన్నీ ఉన్నాయి.

ఎస్తేరమ్మ మోకాళ్ళ లోతు బురదలో రాళ్ళు పేరుస్తోంది. నన్ను చూసి మురిసిపోలేదు. "కింది పక్క కోసుకపోతుంది. మీ ఆఫీసుల సిమెంట్ అడుగు" అన్నది.

ఆ కట్ట మీద శిలాఫలకం ఉంది. అందులో ఆఫీసర్ల పేర్లున్నాయి. ఆమె పేరు లేదు. అందుకే ఈ పోస్ట్. చదివినవాళ్ళు ఆ పేరు ఒకసారి పైకి అనండి. ఎస్తేరమ్మ.

ఈ రోజు పొద్దున మట్టి ఇచ్చి వచ్చాం. శ్మశానం దగ్గరే మేరీ చెప్పింది, మత్తడి కింద ఒర్రెలో ఎవరో ప్లాట్ల కోసం హద్దురాళ్ళు పాతారట. నీళ్ళ దారి మూసేస్తే ఏమవుతుందో ఆ ఊరికి ఎవరూ నేర్పక్కర్లేదు. సోమవారం ఊరి ఆడవాళ్ళంతా తహసీల్దార్ ఆఫీసు ముందు కూర్చుంటున్నారు.

ఈ మోకాళ్ళతోనే నేనూ వెళ్తున్నా. ఈసారి వాళ్ళ పక్కన కూర్చోవడానికి.

నువ్వు ఇక నిమ్మళంగా పడుకో ఎస్తేరమ్మా. నీ ఒర్రెను మూయనియ్యం.