కంచు వాల్వుకు ఇనుప నిపుల్

ఇన్నేళ్లూ ఈ మాట గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. ఇవాళ మీకు చెప్పేస్తున్నానన్న ఆలోచనకే భయమేస్తోంది, నవ్వు కూడా వస్తోంది. నాకేమైనా పిచ్చి పట్టిందా?

నేను పెదకాకాని వైపు మిరప చేలల్లో బోరు మోటార్లు బిగించేవాణ్ణి. చీరాల దగ్గర ఒకాయన కొత్త పడవకు ఇంజను పెడుతున్నాడని పిలిస్తే ఎగిరి గంతేసి వెళ్లాను. ఇంజను వేడెక్కకుండా పడవ అడుగున చిల్లు పెట్టి సముద్రపు నీళ్లు లోపలికి లాగాలి. చిల్లు దగ్గర కంచు వాల్వు, దానికీ గొట్టానికీ మధ్య కంచు నిపుల్, అంటే రెండు కొసలా మరలున్న పొట్టి గొట్టం ముక్క. తీరా చూస్తే తెచ్చిన నిపుల్ మర కలవలేదు. మర్నాడే పడవను నీళ్లలో దించే ముహూర్తం, కొబ్బరికాయలు కూడా వచ్చేశాయి. నా సంచిలో చేల మోటార్లకు వేసే ఇనుప నిపుల్ ఉంది. ఉప్పునీళ్లు ఇనుమును తినేస్తాయని తెలియదా నాకు? తెలుసు. తర్వాత మారుద్దాంలే అని రంగు పూసి బిగించేశాను.

అబ్బా, ఆ రోజు చూడాలి! పడవ అలల్ని దాటుతుంటే ఇంజనును చల్లబరిచిన నీళ్లు పక్క గొట్టంలోంచి బయటికి జివ్వున చిమ్మాయి. ఒడ్డంతా ఈలలు. నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. అంత సంబరంలో ఆ నిపుల్ మార్చాలని చెప్పడానికి నోరు రాలేదు.

కొన్ని నెలలకు ఆ నిపుల్ నడిసముద్రంలో విరిగింది. అడుగు చిల్లులోంచి నీళ్లు ఎక్కి పడవ మునిగింది. దేవుడి దయ, పక్క పడవవాళ్లు మనుషుల్ని కాపాడారు. ఇంజను నడిపే వీర్రాజు ఆ ఉదయం వాల్వు తిప్పాడట. ఓనరు అందరి ముందూ నన్నడిగాడు.

"ఏమయ్యా మేస్త్రీ, ఈడు అడ్డదిడ్డంగా తిప్పితే ఇరుగుద్దా?"

"నువ్వే చెప్పన్నా, నేను మెల్లగానే తిప్పా," అన్నాడు వీర్రాజు.

"గట్టిగా తిప్పుంటాడండి," అన్నాను.

అంతే. అప్పట్నుంచి అతణ్ణి ఎవరూ ఇంజను ముట్టుకోనివ్వలేదు. ఒడ్డున ఐసు మోస్తున్నాడు. నేను కనబడితే ఇప్పటికీ "బాగున్నావా అన్నా" అని పలకరిస్తాడు. ఛీ, నాలుగు తిట్టినా బాగుండేది.

నిన్న ఆ ఓనరే ఫోన్ చేశాడు. మళ్లీ కొత్త పడవట, ఫిట్టింగు నేనే చెయ్యాలట, వీర్రాజును మాత్రం దగ్గరికి రానివ్వడట. రేపు వెళ్తున్నాను. పనికి కాదు, చెప్పడానికి. తంతారో తరిమేస్తారో తెలియదు. నన్ను క్షమించమని వీర్రాజును అడగడానికి నాకు మొహమే లేదు. ముందు మీ దగ్గర అనేస్తున్నాను: అతను మెల్లగానే తిప్పాడు. ఇనుము నాది, అబద్ధమూ నాదే. అమ్మయ్య!