దోహాలో మట్టి అక్షరాలు, సగం కాలిన ఒక శ్రీ

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. దోహా వెళ్ళినవాడు సముద్రం గురించో ఎడారి గురించో రాయాలి గాని, ఒక హాల్లో కూర్చుని మట్టి చెక్కానంటే ఎవరు చదువుతారు? కాని గుంటూరు ప్రెస్సుల్లో జీవితమంతా సీసపు అక్షరాలు పేర్చినవాణ్ణి. అల్ సద్‌లో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని టీవీ చూస్తుంటే, పాత దోహాలో చైనావాళ్ళు తమ తొలినాటి అచ్చుపని చేసి చూపిస్తున్నారని తెలిసింది. వెంటనే చెప్పులు వేసుకున్నాను.

శనివారం ఉదయం తొమ్మిదింటికి టాక్సీ ఎక్కాను. ఆ హాలున్న అల్ దోహా అల్ జదీదాకి పావుగంట, ఇరవై రియాళ్ళ లోపే. డ్రైవరు గంగాధర్‌ది జగిత్యాల దగ్గర పల్లె. నేను ఎందుకు వెళ్తున్నానో విని అద్దంలోంచి చూశాడు.

"ఇయ్యాల మా బిడ్డకు తొట్లె, సార్. సాయంత్రం నాలుగింటికి పేరు పెడ్తరు. నేనేమో ఈడ డ్యూటీల ఉంటి."

మేం బారసాల అంటాం. "ఏం పేరు?"

"వెన్నెల. మా ఆమెకు మస్తు ఇష్టం."

నా నోరు ఊరుకోదు. "ఆ పేరు నేను అచ్చువేసి ఇస్తాను, ఫొటో పంపు," అన్నాను. బండి ఆపగానే వాళ్ళమ్మకు ఫోన్ చేసి చెప్పేశాడు. తొట్లె మీద పెడతామని అవతల ఆవిడ కేక నాకూ వినబడింది. అక్కడ నాలుగంటే ఇక్కడ ఒకటిన్నర. ఇక తప్పించుకోవడానికి లేదు.

హాల్లోకి వెళ్ళడానికి టికెట్టు అక్కర్లేదు. పని చూపిస్తున్న చైనా అమ్మాయి పేరు లిన్. తనదీ నాదీ ఒకే రకం ఇంగ్లీషు గనక బాగా కుదిరింది. వెయ్యేళ్ళ కిందట వాళ్ళ దేశంలో ఒక మామూలు మనిషి తడి మట్టి ముక్కల మీద అక్షరాలు చెక్కి కాల్చాడట. ఇనప పలక మీద మైనం, దేవదారు జిగురు, కాగితపు బూడిద పరిచి, వాటిని పేర్చి వేడి చేసేవాడు. చల్లారితే అక్షరాలు కదలవు, మళ్ళీ వేడి చేస్తే ఊడొస్తాయి. అంతకుముందు పేజీకొక చెక్క చెక్కేవారు. వాళ్ళ లిపిలో అక్షరాలు వేలకు వేలు గనక ఆ తర్వాతా చాలామంది చెక్కనే నమ్ముకున్నారట. ప్రెస్సులో ఒత్తుల సీసపు ముక్కలుండే గడులు వెతుక్కుంటూ విసుక్కున్నందుకు నాకు సిగ్గేసింది.

వె, న్నె, ల. లిన్ ఇచ్చిన తడి మట్టి మీద మూడు ముక్కలూ అద్దంలో కనబడేలా తిరగేసి చెక్కి ఇచ్చాను. అవి పొయ్యిలో ఉన్నంతసేపూ పక్క సందులో కరక్ చాయ్ తాగాను. తిరిగొచ్చి పలకలో పేర్చి, సిరా పూసి, కాగితం పరిచి కుంచెతో రుద్దితే పేరు చక్కగా పడింది. వెంటనే పలక వేడి చేసి అక్షరాలు విప్పేశాను.

"అప్పుడే విప్పేశారా? తండ్రి రాలేదుగా!" అంది లిన్.

ప్రూఫు బాగుంటే విప్పి గడుల్లో వేయడం నా చేతుల అలవాటు. వాటికి నా అనుమతి అక్కర్లేదు.

పన్నెండున్నరకు గంగాధర్ వచ్చాడు. కాగితం చూసి మురిసిపోతుండగానే ఫోన్ మోగింది. మాట్లాడి నీరసంగా కూలబడ్డాడు.

"మా అమ్మ ఒప్పుకుంటలేదు, సార్. ముందట శ్రీ ఉండాల్నంట. లేకుంటే ఆ పేరు చెవుల చెప్పదంట. ఇగ అయిపాయె. మల్ల అంతా చెక్కాలె."

"అంతా ఎందుకయ్యా? ఒక్క శ్రీ చాలు. మిగతావి విప్పి సిద్ధంగా ఉన్నాయి," అన్నాను. లిన్ నవ్వాపుకోలేకపోయింది.

శ్రీ చెక్కాను. పొయ్యిలో కాసేపే ఉంచగలిగాం. గంగాధర్ పొయ్యి చుట్టూ తిరుగుతూ "యల్లా, యల్లా" అని మట్టిని తొందరపెట్టాడు. సగం కాలిన శ్రీని మిగతా మూడింటి పక్కన నిలబెట్టి నెమ్మదిగా రుద్దాను. శ్రీవెన్నెల. ఒకటిన్నరకు ముందే ఫొటో వెళ్ళింది. ఫోన్లో వాళ్ళమ్మ, "గిదీ పేరంటే!" అంది.

చెక్క మీద చెక్కినది చెక్కినట్టే ఉంటుంది. విడి అక్షరం అలా కాదు, ఇంట్లోవాళ్ళు మనసు మార్చుకుంటే సర్దుకుంటుంది. కదిలే అక్షరానికి అర్థం ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు. మీరు వెళ్తే ముదురురంగు చొక్కా వేసుకోండి, సిరా వదలదు.

బయల్దేరే ముందు పలక వేడి చేసి అక్షరాలు విప్పుతుంటే శ్రీ రెండు ముక్కలైంది. లిన్ దాన్ని ఊడ్చేసింది.