ముందుమాట దాటని పచ్చముక్క

ఇస్త్రీపెట్టె కింద తడి నూలుగుడ్డ చుయ్యిమన్నప్పుడల్లా నాకు వసంతక్క గుర్తొస్తుంది. ఈ ఉదయం పంజగుట్ట ఆఫీసుకు బయల్దేరే తొందరలో చీర ఇస్త్రీ చేసుకుంటూ అలాగే నిలబడిపోయాను. ఇంకాస్త ఉంటే కొంగు కాలేది.

వసంతక్క అమీర్‌పేటలో మా లేడీస్ హాస్టల్ కింద జాకెట్లు కుట్టి, తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేసిచ్చేది. నేతపని చేసే ఇంటి పిల్ల. చదువు పదో తరగతితో ఆగింది కానీ చరిత్ర, రాజకీయాల పుస్తకాల పిచ్చి ఆగలేదు. దారపు ఉండల పక్కన అరనిండా అవే. పోటీ పరీక్షలకు చదువుకునే మాలాంటివాళ్లకు కొలతలు తీసుకుంటూనే ఏం చదవాలో చెప్పేది. పుస్తకం ఊరికే ఇచ్చేది, ఒక్క షరతు మీద. మన జాకెట్ గుడ్డలో మిగిలిన ముక్క ఒకటి పట్టుకెళ్లి, రాసినవాళ్లతో మనకు ఎక్కడ పేచీ వచ్చిందో ఆ పేజీలో పెట్టి తిరిగివ్వాలి. రంగు చూసి అది ఎవరి కోపమో చెప్పేసేది. ఏ పేచీ లేదని ఎవరైనా అంటే, అట్లయితే సరిగ్గా చదవలేదని పుస్తకం మళ్లీ చేతిలో పెట్టేది.

నా గదిలో శైలజ ఉండేది, భీమవరం అమ్మాయి. ఒకరి చున్నీలు ఒకరం వేసుకునేవాళ్లం, రాజకీయాలొస్తే మాత్రం ఉప్పూ నిప్పూ. ఒకరోజు మాటా మాటా పెరిగి, దొరల మీద మా రైతులు పోరాడినప్పుడు మీ కోస్తా వైపు నుంచి ఒక్కరైనా తోడొచ్చారా అని అడిగేశాను. ఆ పోరాటం మీద అక్క ఇచ్చిన లావుపాటి పుస్తకం ఆమె మంచం మీద పడేసి, ఇది చదివి మాట్లాడమన్నాను. నిజానికి నేను చదివింది ముందుమాటే. పేచీ పడినట్టు నా చిలకపచ్చ ముక్కను అక్కడే పెట్టేశాను. శైలజ వారం రోజులు నాతో పలక్కుండా చదివింది. నెలాఖరుకు యూసుఫ్‌గూడలో వేరే గదికి వెళ్లిపోతోందని వార్డెన్ చెబితే వెళ్లొద్దని అడగాలనిపించింది. అయినా బెట్టు వదల్లేదు.

ఆదివారం అక్క నన్ను కిందికి పిలిచింది. పుస్తకం తిరిగొచ్చింది. శైలజ వంగపువ్వు రంగు ముక్క చివరి అధ్యాయంలో ఉంది. కోస్తాలో ఎన్నో కుటుంబాలు మావాళ్లను ఇళ్లలో దాచి అన్నం పెట్టాయని రాసిన పేజీ అది. నేను లేదని వాదించిందే అక్కడ అచ్చులో ఉంది. మరి శైలజకు అందులో పేచీ ఏమిటని అడిగాను.

"రాసినాయన వాళ్లోళ్లను మస్తు పొగిడిండట. గంతమంది తల్పులు తియ్యలేదట. వాళ్ల తాత ఇంట్లనే తియ్యలేదని చెప్పింది."

తన వైపు వాదన గెలిపించే పేజీలో ఆ పిల్ల సొంత ఇంటి తప్పు చెప్పుకుంది. నేనేమో ముందుమాట కూడా దాటలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"పుస్తకం చదువుమనుడంటే ఇంటికి పిల్చినట్టు," అంది అక్క, మిషన్ ఆపకుండా. "పిల్చినోళ్లే ఇంట్ల లేకపోతే ఆ పిల్ల ఎవ్వరితోని మాట్లాడాలె?"

సాయంత్రం దాకా అక్కడే స్టూలు మీద కూర్చుని చదివాను. పైకి వెళ్లేసరికి శైలజ సంచీ సర్దుకుంటోంది.

"నేను చదవకుండనే నీకిచ్చిన," అన్నాను.

"తెలుసు. నీ ముక్క ముందుమాట దాటలేదుగా. ఏంటి, ఇప్పుడైనా చదివావా?"

చదివానన్నాను. ఆ రోజుల్లో మా ఇంట్లో అయినా తలుపు తీసేవాళ్లని నేను ఒట్టేసి చెప్పలేనన్నాను. ఆమె దాన్ని కూడా ఒప్పుకోలేదు. భోజనాల గంట కొట్టేదాకా వాదించుకున్నాం. సంచీ సగం సర్ది అలాగే ఉండిపోయింది, ఆమె గది మారలేదు.

అక్క ఇప్పుడు సొంతూరు వెళ్లిపోయింది. ఆఫీసులో ఎవరైనా మంచి రాజకీయ పుస్తకం చెప్పమంటే ఇదివరకట్లా పది పేర్లు వల్లించను. చదవనిదాన్ని చదవలేదనే అంటాను, మొదట్లో ఉన్నంత మొహమాటం ఇప్పుడు లేదు. మొన్న శైలజకు ఒక పుస్తకం చెప్పే ముందు ఆఖరి పేజీ దాకా రెండుసార్లు చదివాను. ఏ పేజీ మీద తను తిట్టుకుంటూ ఫోన్ చేసినా, నేను అక్కడే ఉంటాను.