ఇంజిన్ గంగన్న, మా అమ్మ తవుడు

నిన్న పొద్దున టీ తాగుతుంటే ఫోన్ మోగింది. గంగన్న కొడుకు.

"అత్తా, నాయిన ఇగ లేడు" అన్నాడు.

షాక్ అయ్యాను.

నవ్వకండి. వందేళ్ళకు దగ్గర పడ్డ మనిషి పోతే షాక్ ఏమిటని మా మనవరాలు కూడా అడిగింది. కానీ మొన్ననే వీడియో కాల్‌లో నాతో పోట్లాడాడు. వెనక తిరుగుతున్న మా మిక్సీ చప్పుడు విని, "గది పానం మీదికి తెచ్చుకున్నది, దవాఖానకు తోలు" అన్నాడు. అట్లాంటి మనిషి పోతాడని ఎవరనుకుంటారు?

నిన్నటి నుంచి అన్ని గ్రూపుల్లో ఆయన ఫొటోలే. టెక్నాలజీ పయనీర్. ప్రైడ్ ఆఫ్ బాన్సువాడ. మన మొదటి స్టార్టప్.

అన్నీ ఒప్పుకుంటా. ఊళ్ళో చిన్న వడ్ల గిర్నితో మొదలుపెట్టి, వడ్లు పట్టే మిషన్లు తయారుచేసే ఫ్యాక్టరీ దాకా పోయాడు. ఆయన మిషన్ చూడని రైతు మన వైపు ఉండడు.

కానీ ఒక్క పోస్టులో కూడా మా అమ్మ లేదు. అందుకే రాస్తున్నా.

అది నిజాం కాలం. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. నిజాంసాగర్ కాలువ నీళ్ళొచ్చాక బాన్సువాడ చుట్టూ ఎటు చూసినా వరి. ఊరి బయట మా తండా. మా అమ్మ సోంలి రైతుల ఇళ్ళకు వడ్లు దంచడానికి పోయేది.

రోకలి ఎవరు పడితే తవుడు వాళ్ళది. ఎవరూ రాసి పెట్టింది కాదు, అందరికీ తెలిసిందే. ఆ తవుడే మా బర్రెకు దాణా. బాపు లేడు. బర్రె పాలు అమ్మితేనే మాకు పూట గడిచేది.

అప్పుడు గంగన్న ఇంకా మీసాలు సరిగ్గా రాని పటేల్ కొడుకు. ఇంట్లో అందరితో కొట్లాడి, ఎడ్లబండి మీద ఆయిల్ ఇంజిన్ తెచ్చి గిర్ని పెట్టాడు. జనం తిరునాళ్ళకు పోయినట్టు పోయి చూశారు.

కొన్నాళ్ళకే రోకళ్ళన్నీ అటక ఎక్కాయి. అమ్మను పిలిచేవాళ్ళు లేరు. మిషన్ కింద రాలిన తవుడు గిర్నిలోనే కుప్ప పడేది. దాన్ని ఆయన అమ్ముకునేవాడు.

మా బర్రె పాలు తగ్గాయి.

ఇక దాన్ని అమ్ముకోవడం తప్ప దారి లేదన్న రోజున, అమ్మ నన్ను వెంటబెట్టుకుని గిర్నికి పోయింది.

ఆ ఇంజిన్‌ను మంటతో కాకబెడితే గానీ లేచేది కాదు. ఒకసారి లేచిందంటే పొద్దుగూకే దాకా ఆపేవాళ్ళు కాదు. ఆ చప్పుడులో అమ్మ ఏం చెప్పినా ఆయనకు వినపడలేదు. చెయ్యి ఊపి పొమ్మన్నాడు.

అమ్మ పోలేదు. తిన్నగా నడిచి తవుడు కుప్ప మీద కూర్చుంది.

గంగన్న ఇంజిన్ ఆపాడు.

"ఏందే సోంలీ, తవుడు మీద కూసున్నవ్?"

"గీ తవుడు ఎవలది?"

"గిర్నిది."

"గిర్నికి బర్రె ఉన్నదా పటేలా?"

వడ్లు తెచ్చి వరసలో ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారు. గంగన్నకు కోపం ముక్కు మీదే ఉండేది. మొహం ఎర్రబడింది. "జర ఓ గంపెడు తీస్కపో, ఫికర్ జెయ్యకు" అన్నాడు.

"బిచ్చం వద్దు. పని చెప్పు."

వరసలో ఉన్న ఒక ముసలవ్వ అందుకుంది. "పని లేకేంది? నీ గిర్ని బియ్యంల సగం ఊకనే. ఇంటికి పోయి చెరగలేక మా నడుములు ఇరుగుతున్నయి."

అసలు సంగతి అదీ. ఆ మిషన్ వడ్ల పొట్టు తీస్తుంది గానీ తవుడు కొంతే కింద రాలుతుంది, మిగతా తవుడు, ఊక బియ్యంతో కలిపే బయటికి నెడుతుంది. చెరుగుడు ఇంట్లో ఆడవాళ్ళు చూసుకుంటారని ఆయన అనుకున్నాడు. అన్నీ మిషనే చూసుకుంటుందని ఆడవాళ్ళు అనుకున్నారు.

మర్నాటి నుంచి అమ్మ, తండాలో ఇంకొందరు ఆడవాళ్ళు గిర్ని కొట్టంలో చేటలు పట్టుకుని కూర్చున్నారు.

"చెరిగినోళ్ళదే తవుడు" అని గంగన్న అందరి ముందు చెప్పాడు. తవుడు మీద వచ్చే లాభం పోతుందని వాళ్ళ నాయిన నానా తిట్లు తిట్టాడట. ఈయన మాట మార్చలేదు.

దయ తలచి చేశాడని నేను రాయను. శుభ్రమైన బియ్యం చేతికొస్తుందని బిచ్కుంద నుంచి, పెద్ద కొడప్‌గల్ నుంచి కూడా బండ్లు రావడం మొదలైంది. "సోంలక్క వల్ల నాకే ఫాయిదా అయింది" అని ఆయనే నవ్వుతూ చెప్పుకునేవాడు. అప్పటికి సోంలి పోయి సోంలక్క అయింది.

తరువాత ఏ కొత్త మిషన్ తేవాలన్నా ముందు మా గుడిసెకు వచ్చేవాడు. "గిది వస్తే ఎవల పని పోతది అక్కా?" అని అడిగేవాడు.

ప్రతిసారీ జవాబు దొరికిందని కాదు. ఇంజిన్‌తో చెరుకు గానుగ పెట్టినప్పుడు ఎడ్ల గానుగలవాళ్ళు నష్టపోయారు. వాళ్ళకు ఆయన ఏమీ చెయ్యలేకపోయాడు. ఆ మాట ఎత్తితే చిరాకుపడేవాడు. ఊక, తవుడు వేరుచేసే మిషన్ ఆయన ఫ్యాక్టరీలోనే తయారయ్యాక చేటల పనీ పోయింది. లెగసీ అని రాసేవాళ్ళు ఇది కూడా రాయాలి.

నా మటుకు నాకు మాత్రం కృతజ్ఞతే. మా బర్రె మా దగ్గరే ఉంది. ఆ పాల మీదే నేను బడికి పోయాను, టీచర్‌నయ్యాను. ఇప్పుడు ఈ పోస్ట్ నా వేళ్ళతో నేనే టైప్ చేస్తున్నాను.

అమ్మ పోయినప్పుడు ఆయన పెద్ద ఫ్యాక్టరీ ఓనర్. కారు తండా బయట ఆపి, నడిచొచ్చి, పాడెకు భుజం పెట్టాడు. వాళ్ళవాళ్ళు కొందరు గొణిగారు. "మా అక్క" అన్నాడు, అంతే.

నిన్న సాయంత్రం ఆయన పాడె లేపేముందు, ఆయన కొడుకు జనంలోకి వచ్చి నా కొడుకు చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకుపోయాడు.

ఈసారి ఎవరూ గొణగలేదు.

ఇగ నిమ్మలంగ పండుకో అన్నా. నీకు శాంతి దొరకాలని తండా అంతా మొక్కుతున్నది.