రబ్బరు చెట్ల కింద ఉయ్యాల

మా తమ్ముడు వినోద్‌కుమార్‌కి ఇంట్లో మంచి పరుపుండేది. నేనే కొనిపెట్టాను. వాడు మాత్రం సెలవు దొరికితే చాలు, వీపున సంచీ తగిలించుకుని పడవెక్కి దీవికి పోయి, రెండు చెట్ల మధ్య హ్యామక్ అనే గుడ్డ ఉయ్యాల కట్టుకుని పడుకునేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఆ దీవి ఈ చివర నుంచి ఆ చివర దాకా కొండల మీదుగా ఒక కాలిబాట ఉంది. మొత్తం నడవాలంటే నాలుగైదు రోజులు పడుతుంది. దీవి పేరు రాయను. చదివి ఎవరైనా బయల్దేరతారేమోనని నా భయం.

వాడు మలేసియాలో, మా ఊరు సుంగై పెటానిలో గ్లౌజుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నలభై దాటినా పెళ్ళి లేదు. ఎప్పుడు చేసుకుంటావురా అని నిలదీస్తే, "నా హ్యామక్‌లో ఒక్కరికే సోటక్కా" అని నవ్వేవాడు. సంచీ బరువు తగ్గుతుందని పళ్ళు తోముకునే బ్రష్షు పిడిని సగానికి కోసుకున్న మనిషి. ఇంకేం చెప్పను.

అలాగని తెగించినవాడు కాదు. వాడంత జాగ్రత్తపరుణ్ణి నేను చూడలేదు, ఈ మాట కోపంతోనే చెబుతున్నాను. హ్యామక్ కట్టేముందు తలెత్తి పైకి చూసేవాడు, ఎండు కొమ్మ ఉందేమోనని. మానుని పిడికిలితో తట్టి చప్పుడు వినేవాడు. కట్టాక ముందు తనే వేలాడి బరువు చూసేవాడు. పెళ్ళి భోజనానికి వెళ్ళినా కూర్చునే ముందు పైన తిరిగే ఫ్యాను వంక ఒకసారి చూసేవాడు. మేం పగలబడి నవ్వేవాళ్ళం.

మా అమ్మ కూర్మమ్మ పుట్టింది ఆ దీవి మధ్యలో ఉన్న రబ్బరు తోటలోనే. ఆమె తాతలు శ్రీకాకుళం వైపు నుంచి కూలికి వచ్చినవాళ్ళు. తెల్లవారకముందే చెట్లకి గాట్లు పెట్టి పాలు తీయడానికి వెళ్ళే ఆడవాళ్ళు, పాత చీర రెండు చెట్ల మధ్య ఉయ్యాలలా కట్టి పిల్లల్ని అందులో వేసి, అదే వరసలో పని చేసుకునేవారు. నేనూ వినోదూ అలా ఊగి పెరిగినవాళ్ళమే. తోట మూతపడ్డాక సుంగై పెటాని వచ్చేశాం. అడవి వచ్చి తోటని మింగేసింది. వినోద్ నడిచే బాట అందులోంచే పోతుంది. వాడు దీవి నుంచి తిరిగొచ్చినప్పుడల్లా అమ్మ, "మన సెట్లున్నాయేటిరా" అని అడిగేది.

ఈ ఏడాది ఆ చెట్లు కొట్టేసి హోటల్ కడతారని కబురొచ్చింది. "ఒక్కపాలి సూడాలిరా" అంది అమ్మ. ఆమె పట్టు పడితే విడిచే మనిషి కాదు. మోకాళ్ళు అరిగిపోయాయి, మెట్లెక్కితే ఆయాసం. తీసుకెళ్తానన్న వినోద్ మీద నేను ఇంతెత్తున లేచాను. అమ్మకేమన్నా అయితే నీ మొహం చూడనని చెప్పాను.

"అమ్మకి గీత కూడా పడదక్కా. నీ సేతికి అప్పసెప్తాను కదా" అన్నాడు.

నమ్మకం లేక నేనూ బయల్దేరాను.

మొత్తం బాట నడిచే పని లేదు. పడమటి వైపు ఒక చిన్న రేవులో దిగి ఒక పూట ఎక్కితే తోట వస్తుంది. ఆ రాత్రి అక్కడ పడుకుని మర్నాడు అదే దారిన దిగిపోవాలి. పడవతను మమ్మల్ని దింపాక సముద్రం వైపు చాలాసేపు చూశాడు. రేపు పొద్దున సుమత్రా వైపు నుంచి గాలి లేస్తే తను రాలేనని, పైన ఉండిపోకుండా త్వరగా దిగమని మలయ్ భాషలో చెప్పాడు. వినోద్ తల ఊపాడు. ఆ క్షణాన ఆకు కూడా కదలడం లేదు. అంత ఉక్కగా ఉంది.

బాట పొడుగునా జలగలు. అమ్మని రాయి మీద కూర్చోబెడుతూ, లేపుతూ, వాడు సంచీ ముందుకు వేసుకుని ఆమెకి వీపు అందించాడు. పైకి వెళ్ళేకొద్దీ పక్షుల అరుపు తగ్గిపోయింది. అది నేను గమనించి చెబితే, "వాన ముందు అలాగే ఉంతాదక్కా" అన్నాడు. కానీ వాడి నడక వేగమైంది.

తోట చేరాం. అడవిలో చెట్లు ఎలా పడితే అలా ఉంటాయి. ఇక్కడ మాత్రం వరసలు వరసలుగా నిలబడి ఉన్నాయి, వరసల మధ్య మనుషులు లేరు. కొన్ని మానులకి ఇంకా పాల చిప్పలు వేలాడుతున్నాయి, నిండా నల్లటి నీళ్ళు. పైన ఎక్కడో రబ్బరు కాయలు ఫట్, ఫట్ అని పగులుతున్నాయి. చప్పుడైన ప్రతిసారీ నేను ఉలిక్కిపడ్డాను. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఇది మీనాచ్చి వరస, అది గోవిందసామి వరస అని చేత్తో చూపిస్తూ, కూలీల మేస్త్రీలా ముందు నడిచింది. తన వరస రాగానే ఆగింది.

"ఇక్కడే. ఈ రెండిటికీ కట్టు నా ఉయ్యాల" అంది.

వినోద్ పైకి చూశాడు. మానుని తట్టాడు. మళ్ళీ తట్టాడు. ఒక చెట్టుకి కత్తి గాట్లు నడుమెత్తున చుట్టూ తిరిగి లోపలి కలప దాకా దిగి ఉన్నాయి. వాటి మీదుగా చెదలు మట్టి దారులు కట్టుకుపోయాయి. వాడి మొహం మారింది.

"ఈ సెట్టు వద్దు మా. అటుపక్క అడివి సెట్లకి కడతాను."

"కూడెట్టిన సెట్టురా ఇది. దాన్నేటి, దొంగోణ్ణి సూసినట్టు తట్టి సూస్తన్నావు?"

అమ్మ ఆ మానుకి రెండు చేతులూ ఆనించి కళ్ళకద్దుకుంది. పని రోజుల్లో కత్తి పెట్టే ముందు అలాగే చేసేది. నా చేతులు కూడా వాటంతటవే లేచాయి. ఎవరు చెప్పినా చెట్టు విషయంలో వినని వాడు అమ్మ మాటకి సంచీలోంచి హ్యామక్ పట్టీలు తీశాడు. వాణ్ణి అనను. అక్కడ ముగ్గురం తోట మనుషులమైపోయాం. మాకు అన్నం పెట్టిన చెట్టు మా మీద పడుతుందని ఏ నోటితో అంటాం?

పట్టీలు బిగించి, ముందు తనే కూర్చుని బరువు చూసి, నేలకి జానెడెత్తున అమ్మ హ్యామక్ కట్టాడు. మా ఇద్దరివీ కాస్త దూరంలో అడవి చెట్లకి కట్టాడు. అమ్మ అందులో పడుకుని, "నీ అయ్య సూస్తే నవ్వుతాడురా" అంది. చాలా కాలానికి ఆమె మొహంలో అంత సంతోషం చూశాను. వినోద్ మాత్రం సంచీలు సర్దుతూ మాటిమాటికీ ఆ మాను వైపు చూస్తూనే ఉన్నాడు.

తెల్లవారుతుండగా అమ్మ నన్ను లేపింది, ఒంటికి వెళ్ళాలని. పాలు తూకం వేసే కొట్టు ఉండిన చోట సిమెంటు గచ్చు ఇంకా ఉంది, దాని అవతలికి నడిపించుకుపోయాను. మేం తిరిగేసరికి సముద్రం వైపు నుంచి గాలి వచ్చింది. వాన లేదు, ఉరుము లేదు, ఉత్త గాలి. చెట్ల తలలన్నీ ఒకేసారి తూర్పుకి వంగాయి. పగిలిన కాయలు రాళ్ళలా రాలాయి.

అమ్మ గచ్చు మీద నిలబడిపోయింది. ఆమె చూస్తున్నది చెట్లని కాదు. తన హ్యామక్‌ని. అది ఖాళీగా, అటూ ఇటూ, ఎవరో తోస్తున్నట్టు ఊగుతోంది.

ఖాళీ ఉయ్యాల ఊపితే బిడ్డకి కీడని మా వాళ్ళ నమ్మకం. మా ఇంట్లో బిడ్డని ఎత్తుకోగానే ఉయ్యాలలో దిండైనా వేసేవారు. అమ్మకి మతి పోయింది.

"ఒరే ఇనోదూ. ఖాలీ ఉయ్యాల ఊగతందిరా. ఆపు. ఏగిరం ఆపు."

వాడు తన హ్యామక్‌లోంచి దిగాడు. పట్టీ విప్పేయొచ్చు, ఒక సంచీ అందులో పడేయొచ్చు. వాడికి అలాంటి వాటి మీద నమ్మకం లేదు, అమ్మ భయం పోగొట్టాలన్నదే. నవ్వుతూ వచ్చి, ఈసారి పైకి చూడకుండానే దాన్ని పట్టుకుని తనే అందులో పడుకున్నాడు.

"ఇప్పుడు ఖాలీ లేదు కదా మా. సరేనా?"

ఊగడం ఆగింది. అప్పుడు ఫట్‌మంది. ఇంకో కాయ పగిలిందనుకున్నాను.

గాట్ల దగ్గర విరిగింది మాను. నేను పరుగెత్తేసరికి వాడు గుడ్డలో చుట్టుకుని నేల మీద ఉన్నాడు, మాను నడుము మీద అడ్డంగా పడి ఉంది. స్పృహ ఉంది. భుజంతో ఎత్తి చూశాను, కొమ్మతో తోసి చూశాను, వెంట్రుక వాసి కదల్లేదు. ఫోనులో సిగ్నల్ లేదు. వాడు నా వైపు చూడలేదు. పైకి చూస్తున్నాడు. హ్యామక్ రెండో కొస కట్టిన చెట్టు, మొదటిది లాగడంతో ఒరిగి, మా మీదికి వాలి కిర్రుమంటోంది. అమ్మ కుంటుకుంటూ దాని కిందికే వస్తోంది.

"అక్కా, అమ్మని తీసుకెల్లు. అదీ పడతాది."

"నిన్నొదిలి ఎలా ఎల్తానురా?"

"ఈ తోటలో అన్నీ ఇలాటి సెట్లే. ముందు అమ్మని రేవు కాడికి దింపి రా. సెప్పింది సెయ్యి."

చిన్నవాడు నన్ను గద్దించడం అదే మొదటిసారి. అమ్మని నడుం పట్టుకుని లాక్కుపోయాను. దారి పొడుగునా నా చేతుల మీద కొట్టింది, గోళ్ళతో రక్కింది. రేవు దగ్గర చెట్లు లేని ఇసుకలో కూర్చోబెట్టాను. పడవ లేదు. అలలు మాత్రం ఉన్నాయి. మళ్ళీ కొండెక్కాను. ఎక్కుతున్నంతసేపూ వాణ్ణి పిలుస్తూనే ఉన్నాను, గాలికి నా గొంతు నాకే వినబడలేదు.

రెండో చెట్టు పడలేదు. వాలినట్టే వాలి నిలబడి ఉంది. వాడిలో మాత్రం ప్రాణం లేదు. కళ్ళు ఇంకా దాని వైపే ఉన్నాయి.

నేను ఒక్కదాన్నే దిగి రావడం చూసి అమ్మ ఏడవలేదు.

"నన్ను తెచ్చీమని ఆడేనా సెప్పినాడు?" అంది.

"ఆడే. ముందు అమ్మని దింపమన్నాడు."

"మరి నువ్వెందుకిన్నావే?"

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఒంటి మీద గీత కూడా పడలేదు. అన్నం కంచంలో చెయ్యి పెట్టి, నా మొహంలోకి చూసి, ఆ మాటే అడుగుతుంది. నాకు కోపం ముంచుకొస్తుంది. వాణ్ణి ఆ ఉయ్యాల దగ్గరికి నువ్వెందుకు పిలిచావని నేనూ అడగగలను. అడిగితే ఆ ముద్ద ఆమె గొంతు దిగదు. కూర వడ్డించి లోపలికి వెళ్ళిపోతాను.