బతికున్నవాళ్ల ఫోటోలు

మా బావగారు పోయారు. గుడివాడలో నేను పాఠాలు చెప్పే బడిలో మొదటి గంట కొట్టకముందే, అక్క పంపిన మనిషి బందరు నుంచి తొలి బస్సులో వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. అతను నోరు తెరవకముందే నాకు సంగతి తెలిసిపోయింది. ముందురోజు సాయంత్రం స్టూడియో తలుపులు వేస్తూ వేస్తూ కూలబడిపోయారట. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు.

బందరుకి ఆయన ఫోటోగ్రాఫరుగారు. నాకు అక్క మొగుడు, అంటే ఎంత వేళాకోళం చేసినా కోపం తెచ్చుకోకూడని మనిషి. నందివాడ దగ్గర పల్లెలో కూలి చేసుకునే కుటుంబంలో పుట్టి, మిషన్ బడిలో చదువుకుని, అక్కడి దొరగారి దగ్గరే కెమెరా పట్టడం నేర్చుకున్నారు. ఇంటికి ఎవరొచ్చినా "రండి, కూర్చోండి" అనేముందు "కాస్త కిటికీ వైపు తిరగండి" అనేవారు. చర్చిలో ఆయన కూర్చునే బల్ల ఎండను బట్టి మారుతూ ఉండేది. "బావగారూ, మీరు ప్రార్థనకి వస్తారా, వెలుతురు కోసం వస్తారా?" అని ఒకసారి నిలదీశాను. "రెండూ పైనుంచే కదా మరదలా దిగేది!" అన్నారు. మా పాస్టరుగారు విని నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నారు.

ఆ రోజుల్లో పల్లెల నుంచి ఫోటోగ్రాఫరుకి కబురొచ్చిందంటే ఎవరో పోయారన్నమాటే. బతికుండగా ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని భయం. పోయాక మాత్రం శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పడిపోకుండా దుప్పటి కింద తాడు కట్టి, దండ వేసి, "మా నాన్నని బాగా తీయండి బాబూ" అని ఏడ్చేవారు. కళ్లు తెరిచినట్టు ఉండాలని కూడా అడిగేవారు. బావగారు సన్నటి కుంచెతో ఆ ఫోటోల మీద కళ్లు గీసి ఇచ్చేవారు. ఆ పని చేసిన రోజు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేవారే గాని తినేవారు కాదు.

నేను సెలవులకి అక్క ఇంట్లో ఉన్నప్పుడు ఒకామె స్టూడియోకి వచ్చింది. హంసలదీవి దగ్గర చేపలు పట్టేవాళ్ల పల్లె. వేటకి వెళ్లిన భర్త తిరిగి రాలేదు, పడవా రాలేదు. చంకలో బిడ్డ ఉన్నాడు.

"మీరు కళ్లు గీత్తారంట గదండీ. మా ఆయన మొకం కూడా గీసియ్యండి. ఈడికి సూపించుకోవాల" అంది.

బావగారు కాదనలేక కుంచె తీసుకున్నారు. ముక్కు ఎలా ఉంటుందమ్మా అంటే చెప్పింది. నుదురు చెప్పింది. పెదవుల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. "మర్సిపోతన్నానండీ" అంది. బావగారు కుంచె కింద పెట్టేశారు. ఆమె వెళ్లిపోయాక మా అక్కతో, "ఆ ఊళ్లో ఊపిరున్న ప్రతి మనిషినీ తీస్తాను" అన్నారు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

మేం ముగ్గురం బయల్దేరాం. బస్సు, పడవ, ఎడ్లబండి మారి ఆ పల్లెకి చేరేసరికి, భుజాన స్టాండు పెట్టుకుని వస్తున్న బావగారిని చూసి ఆడవాళ్లు గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొచ్చారు. "ఎవరండీ పోయింది? ఎవరింట్లోనండీ?" అని ఒకటే గోల. పోయిందెవరో తెలియకుండానే ఒకావిడ రాగం తీసి ఏడుపు మొదలుపెట్టేసింది. ఎవరూ పోలేదని వాళ్లకి నచ్చచెప్పేసరికి మాకు తల ప్రాణం తోకకొచ్చింది. అసలు వచ్చిన పని చెప్పాక కులపెద్దకి ఇంకా మండింది.

"పోయినోళ్ల కోసం రండి, కాళ్లు కడుగుతాం. బతికున్నోళ్ల జోలికి రాకండి" అన్నాడు.

బావగారు స్టాండు మడుస్తుంటే వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. ఎండుచేపలు అమ్మే మామ్మ. ఆ ఊళ్లో అందరికన్నా పెద్దది. "నన్ను తియ్యవయ్యా. తగ్గిపోడానికి నా కాడ ఆయుస్సు ఎంతుందిలే" అని గంప బోర్లించి దానిమీద కూర్చుంది. బావగారు ఎవరికీ "నవ్వండి" అని చెప్పరు. "మామ్మా, మీ ఊళ్లో గురక ఎవరిది పెద్దది?" అన్నారు. మామ్మ కులపెద్ద వైపు చూసి, పళ్లులేని నోరంతా తెరిచి నవ్వింది. అదే ఆ వరసలో మొదటి ఫోటో. వానాకాలం దాటేదాకా మామ్మ బతికుంటే మిగతావాళ్ల సంగతి చూద్దామని కులపెద్ద తీర్పు చెప్పాడు.

ఇక మా ఇంట్లో చూడాలి అవస్థ! బావగారు రోజూ ఆ పల్లెవైపు పడవల రేవు నుంచి వచ్చే బస్సు దగ్గరికి వెళ్లి కండక్టరుని "మామ్మ ఎలా ఉంది?" అని అడిగేవారు. మా అక్క చర్చిలో మామ్మ ఆరోగ్యం కోసం ప్రార్థన పెట్టించింది. "మీకు చుట్టమా అమ్మా?" అని పాస్టరుగారు అడిగితే అవునని తల ఊపిందట. తీరా వానలు ముదిరాక కండక్టరు, "మామ్మకి జ్వరమండీ, మంచం దిగట్లేదు" అన్నాడు. బావగారు కెమెరా ఇంట్లో వదిలేసి, అవనిగడ్డలో ఒక డాక్టరుని బతిమాలి వెంటబెట్టుకుని, బురదలో పడుతూ లేస్తూ వెళ్లారు.

మామ్మ కళ్లు తెరిచి, "కెమెరా తెచ్చావా?" అంది.

"లేదు మామ్మా. డాక్టరుగారిని తెచ్చాను."

"అయితే బతుకుతాలే" అంది. బతికింది కూడా. వానలు వెలిశాక గంప నెత్తిన పెట్టుకుని సంతకి బయల్దేరిన మామ్మని చూడటానికి ఊరంతా బయటికొచ్చిందట. ఆ తర్వాత బావగారికి ఊపిరి సలపలేదు. వలలు అల్లేవాళ్లు, తెడ్డు పట్టినవాళ్లు, పసిపిల్లల తల్లులు, చివరికి గురక పెట్టే కులపెద్ద కూడా మీసం దువ్వుకుని వచ్చి నిలబడ్డాడు. ఎవరినీ తెరముందు బిగుసుకుని కూర్చోమనలేదు. వాళ్ల పనిలో వాళ్లని, సముద్రం గాలిలో జుట్టు రేగినవాళ్లని రేగినట్టే తీశారు.

ఆ ఫోటోలన్నీ బందరులో ఒక బడి హాల్లో పెట్టారు. ఆ ప్రదర్శనకి పేరు పెట్టమంటే బావగారు "బతికున్నవాళ్లు" అన్నారు. ఆ పల్లె పల్లెంతా ఉతికిన బట్టలతో దిగింది. ఎవరి ఫోటో పక్కన వాళ్లు నిలబడి వచ్చినవాళ్లకి తమని తాము చూపించుకుంటుంటే, బందరు పెద్దమనుషులు కూడా వరసలో ఆగి చూశారు. ముఖం మర్చిపోయానన్న ఆ తల్లి గోడ పొడుగునా నడిచి, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచింది. కొడుకు ఫోటో దగ్గర ఆగి, "ఇంక మా ఊళ్లో ఎవరి మొకమూ పోదండి" అంది. మా బావ గెలిచాడని ఆ రోజు నాకు ఒళ్లంతా పొంగిపోయింది. ఇప్పుడు రాస్తున్నా అదే పొంగు.

మొన్న సమాధికి తీసుకెళ్లేముందు ఆయన స్నేహితుడైన ఇంకో ఫోటోగ్రాఫరు స్టాండు తెచ్చి శవపెట్టె ముందు నిలబెట్టాడు. ఆనవాయితీ కదా అని ఎవరూ ఏమీ అనలేదు. కండక్టరు మోసిన కబురుతో అప్పుడే దిగిన హంసలదీవి జనంలోంచి మామ్మ కర్ర పోటేసుకుంటూ వచ్చి కెమెరాకి అడ్డంగా నిలబడింది.

"పోయినోళ్లని తియ్యడం ఆయనకి నచ్చదు. మమ్మల్ని తియ్యి" అంది.

అందరం మా అక్కని మధ్యలో కూర్చోబెట్టుకుని స్టూడియో మెట్ల మీద చేరాం. కెమెరా నల్లగుడ్డ కింద తల దూర్చిన ఆ స్నేహితుడు చెయ్యి పైకెత్తాడు. ఏడుస్తున్నవాళ్లం ఏడుస్తూనే తలెత్తాం. ముందు వరసలో మామ్మ, బావగారు చెప్పే కిటికీ వైపు కాదు, నేరుగా కెమెరా అద్దంలోకి చూస్తూ, పళ్లులేని నోరంతా తెరిచి నవ్వింది.